తీరిక లేదనే అబద్ధం

మొన్నామధ్య మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్ళం ఓ పదిమందిమి గచ్చిబౌలిలో బిర్యానీ దగ్గర కలిశాం. ఐదారేళ్ళ తరవాత కలిస్తే మాటలెలా ఉంటాయో మీకు తెలియంది కాదు. ఎవడికెంత హైకొచ్చింది, ఎవడు ఫ్లాటు కొన్నాడు, ఎవడి వీసా ఎక్కడ ఇరుక్కుంది, ఏఐ వచ్చి ముందు ఎవరి ఉద్యోగం ఊడగొడుతుంది... ఇవన్నీ అయ్యాక ఎవడో నా వైపు తిరిగి "నీ సంగతేంట్రా?" అన్నాడు. పార్ట్ టైం పీహెచ్‌డీకి అప్లై చేద్దామనుకుంటే కంపెనీ వాళ్ళు ఎన్‌ఓసీ ఇవ్వలేదని చెప్పాను.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తరవాత వరసపెట్టి తగులుకున్నారు.

"పేపర్లు రాస్తే హైకిస్తారేంట్రా?"

"ఇరవయ్యెనిమిదేళ్ళొచ్చాయి. పెళ్ళిచూపుల్లో నేనింకా స్టూడెంటునే అని చెప్తావా?"

"అయినా ఉద్యోగం చేస్తూ రీసెర్చికి తీరికెక్కడ్రా బాబూ?"

మొదటి రెండూ నవ్వేసి వదిలేశాను. (రెండో విషయంలో మా అమ్మది కూడా వాళ్ళ పార్టీయే.) మూడోదే ఇంటికొచ్చినా వదల్లేదు. వాడి మీద కోపమేమీ లేదు. ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను, మీరూ అనే ఉంటారు. ఉద్యోగంలో చేరినవాడు పరిశోధన ఎందుకు వదిలేశాడంటే అందరం చెప్పే కారణం అదొక్కటే: తీరిక లేదు. నేను చెప్పదల్చుకున్నదేమిటంటే, నాలాంటివాళ్ళ విషయంలో అది అబద్ధం. మనకి లేనిది తీరిక కాదు, అనుమతి. కంపెనీ ఇవ్వదు, యూనివర్సిటీ అనుమానంగా చూస్తుంది, అన్నిటికన్నా ముందు మనకి మనం ఇచ్చుకోం.

సరే, ముందు నా గొడవేంటో చెప్తాను.

నేను పనిచేసేది బ్యాంకుల కస్టమర్ల వివరాలు సరిచూసే టీంలో. ఒకే మనిషి మూడు ఖాతాల్లో మూడు స్పెల్లింగులతో ఉంటాడు. ఆ ముగ్గురూ ఒకడేనని కనిపెట్టాలి. అలాగే ఇద్దరు వేరువేరు మనుషుల్ని ఒకడనుకోకూడదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, దిగితే తెలుస్తుంది.

దీనికి సౌండెక్స్ అని ఒక పాత పద్ధతుంది. అమెరికాలో 1918లో పేటెంటు తీసుకున్నారు. ఇప్పటికీ చాలా డేటాబేసుల్లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చుల్ని పడేసి, మిగతా హల్లులకి గుంపుల వారీగా అంకెలిస్తుంది. ఒక అక్షరం, మూడు అంకెలు రాగానే ఆపేస్తుంది. ఇప్పుడు దీన్ని మనవాళ్ళ మీద ప్రయోగించండి. వెంకటేశ్వర్లు తీసుకుంటే మొదటి అక్షరం వి, తరవాత ఎన్‌కి 5, కెకి 2, టికి 3. అంటే వి523. బాగానే ఉంది. వెంకటరమణ? వి523. వెంకటరావు? వి523. వెంకటలక్ష్మి? ఆవిడా వి523యే! తిరుపతి క్యూలో ఉన్నవాళ్ళలో సగం మంది దానికి ఒకే మనిషిలా కనపడతారు :-) అదే ఈశ్వర్ అనే ఒక్క మనిషి పేరుని ఒకచోట "ఇ"తోనూ ఇంకోచోట "ఐ"తోనూ ఇంగ్లీషులో రాస్తే మాత్రం ఇద్దరు మనుషులైపోతారు, ఎందుకంటే మొదటి అక్షరం మారిందిగా. సౌండెక్స్ తరవాత మెరుగైనవి చాలా వచ్చాయి. కానీ 1990లో వచ్చిన మెటాఫోన్ కూడా ఇంగ్లీషు ఉచ్చారణ నియమాల మీద కట్టిందే. తెలుగు పేరుని ఇంగ్లీషు చెవితో వింటే ఇంతే.

మేమేం చేస్తాం? ప్యాచ్ వేస్తాం. క్లయింటు అరిస్తే ఇంకో ప్యాచ్. తకారానికి "హెచ్" ఉన్నా లేకపోయినా ఒకటేననుకో, ఇంటిపేరు ముందొచ్చినా వెనకొచ్చినా ఒకటేననుకో... ఇలా కొన్ని వందల రూల్స్ పోగుపడ్డాయి. అందులో ఏది ఎందుకుందో ఇప్పుడు టీంలో ఎవరికీ తెలీదు.

ఇదంతా ఆఫీసు గొడవే అయితే ఇంత పట్టించుకునేవాణ్ణి కాదు. మా నాన్న పేరు ఆధార్‌లో ఒకలా ఉంది, పాన్ కార్డులో ఒకలా ఉంది, పట్టాదారు పాసుపుస్తకంలో తెలుగులో శుభ్రంగా ఉంది. మూడూ ఆయనవేనని నిరూపించడానికి ఆయన మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. నేను ఏ ప్యాచ్‌లైతే వేసి జీతం తీసుకుంటున్నానో, అలాంటివి కూడా లేని చోట మా నాన్న ఎండలో నిలబడ్డాడన్నమాట. అప్పుడనిపించింది, ఈ ప్రశ్నని సరిగ్గా అడగాలని. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరు వెనక ఉండగలిగిన తెలుగు రూపాలేమిటి? ఏది ఎంతవరకు సాధ్యం? వాటిని పోల్చి చూస్తే ఎన్ని తప్పులు తగ్గుతాయి, కొత్తగా ఎన్ని పుడతాయి? ఇది ప్యాచ్ కాదు, పరిశోధన. తేడా ఏంటంటే, ప్యాచ్‌కి క్లయింటు నోరు మూయిస్తే చాలు. పరిశోధనకి అది ఎప్పుడు పనిచెయ్యదో కూడా చెప్పాలి.

రెండేళ్ళు రాత్రిళ్ళు కూర్చున్నాను. కస్టమర్ల డేటా ఒక్క లైను కూడా ముట్టుకోలేదు. వికీపీడియాలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్న పేర్ల జతలు పోగేసుకున్నాను, నా సొంత ల్యాప్‌టాప్ మీద చేసుకున్నాను. ఓ ప్రొఫెసర్ గారికి చూపిస్తే ఆయన ఓపిగ్గా గంటసేపు విన్నారు. "సమస్య బాగుందయ్యా. పార్ట్ టైంలో రా. కాకపోతే మీ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకో" అన్నారు.

ఆ ఎన్‌ఓసీ ఆయన పెట్టిన రూలు కాదు. యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో పార్ట్ టైం పీహెచ్‌డీకి స్పష్టంగా చోటుంది. కాకపోతే పనిచేసే సంస్థ మూడు ముక్కలు రాసివ్వాలి. ఈ మనిషి పార్ట్ టైంలో చదువుకోవడానికి మేం ఒప్పుకుంటున్నాం, ఇతని ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకి తగిన సమయం ఇస్తాయి, కోర్సువర్కుకి అవసరమైతే పంపిస్తాం. అంతే. డబ్బులిమ్మని లేదు, సెలవు జీతం ఇమ్మని లేదు.

హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. రెండు వారాలకి ప్రస్తుతం వీలుపడదని రెండు లైన్లొచ్చాయి. ఫోన్ చేశాను. ఆ సంభాషణ ఉన్నదున్నట్టు:

"మీ టాపిక్ మన డొమైన్‌కి సంబంధించింది కదండీ. ఐపీ ఇష్యూ వస్తుంది. కుదరదు."

"పోనీ సంబంధం లేని టాపిక్ తీసుకుంటానండీ."

"అప్పుడు కంపెనీకి ఉపయోగమేంటండీ?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సంబంధం ఉంటే కంపెనీ సొత్తు, లేకపోతే కంపెనీకి దండగ. ఈ రెండిటి మధ్యలో నేను చేసుకోగలిగిన పరిశోధనేంటో ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి మా మేనేజర్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వుతూనే "నీకంత ఖాళీ టైముంటే చెప్పు బాస్, ఇంకో మాడ్యూల్ ఇస్తాను" అన్నాడు. అప్లికేషన్ గడువు దాటిపోయింది.

గమనించారా, ఈ మొత్తం కథలో నాకు టైం లేదని ఎవరూ అనలేదు. టైం ఉందనే భయం!

ఇంటికొచ్చి, చేరిన రోజు సంతకం పెట్టిన అగ్రిమెంటు తీసి మొదటిసారి చదివాను. (మొదటిసారే. మీరెన్నిసార్లు చదివారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.) ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఆలోచించింది, రాసింది, కనిపెట్టింది, ఆఫీసులో అయినా బయట అయినా, కంపెనీదేనట. చివర్లో ఒక పట్టిక ఉంది. చేరకముందు మీరు చేసిన పనులేమైనా ఉంటే రాయండి, వాటిని మినహాయిస్తాం అని. అందులో నా చేతిరాతతో "వర్తించదు" అని రాసుంది. ఫైనలియర్ ప్రాజెక్టు తెలుగు స్పెల్‌చెకర్ మీద చేసినవాణ్ణి, చేజేతులా వర్తించదని రాసిచ్చాను. ఎవర్ని తిట్టాలి?

కంపెనీ పక్షాన న్యాయంగా చెప్పాల్సింది చెప్పేస్తాను. జీతమిచ్చి చేయించుకున్న పని వాళ్ళదే. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ కూడా, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసినదానికి మొదటి హక్కుదారు యజమానే అంటుంది. నాకు అందులో పేచీ లేదు. నా పేచీ "ఉద్యోగంలో భాగంగా" అన్న మాటని "ఉద్యోగంలో ఉన్నంతకాలం" అని సాగదీయడం దగ్గర. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి అక్కడి లేబర్ కోడ్ 2870వ సెక్షన్ తెలిసే ఉంటుంది. సొంత సమయంలో, కంపెనీ సామగ్రి, రహస్యాలు వాడకుండా చేసిన ఆవిష్కరణని కంపెనీ లాక్కోవడానికి లేదు. దానికీ మినహాయింపులున్నాయి, కంపెనీ వ్యాపారానికి సంబంధించిందైతే ఆ రక్షణ దొరకదు. అంటే నా కేసు అక్కడా చిక్కే. కానీ అక్కడ కనీసం ఒక గీతుంది. ఉద్యోగి సొంత సమయాన్ని అలా విడిగా కాపాడే సెక్షన్ మన కార్మిక చట్టాల్లో లేదు. గీత లేనిచోట హెచ్‌ఆర్ గీసిందే గీత.

అయినా నేనేమైనా ప్రపంచంలో ఎక్కడా జరగని వింత అడిగానా? ఇక్కడ ఐన్‌స్టీన్ పేటెంటు ఆఫీసు కథ చెప్తాననుకుంటున్నారేమో, చెప్పను. ఆ కథ వింటే మనకి ఉత్సాహం రాదు, "ఆయన ఐన్‌స్టీన్ కదా" అనే సాకు వస్తుంది. మనలాంటి ఉద్యోగస్తుల కథలు చెప్తాను.

మనం ఆఫీసుల్లో ఏ/బీ టెస్టులు చేసి, తేడా నిజమా కాకతాళీయమా అని చూడ్డానికి వాడే టీ-టెస్టు ఎక్కడిది? డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీది! విలియం గాసెట్ అనే ఆయన 1899లో అక్కడ ఉద్యోగంలో చేరాడు. బార్లీ బాగుందో లేదో తేల్చాలంటే చేతిలో ఉన్న నమూనాలు చాలా తక్కువ. అప్పటి గణాంక పద్ధతులేమో పెద్ద సంఖ్యలకి తప్ప పనికిరావు. అది పూర్తిగా ఆఫీసు గొడవ. కంపెనీ ఆయన్ని 1906లో లండన్‌లో కార్ల్ పియర్సన్ ప్రయోగశాలకి పంపించింది. 1908లో పేపరు వచ్చింది. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించకూడదని కంపెనీ నియమం కాబట్టి "స్టూడెంట్" అనే మారుపేరుతో వేసుకున్నాడు. చూశారా, వాళ్ళకీ రహస్యాలున్నాయి, వాళ్ళకీ పోటీ ఉంది. కానీ రహస్యాన్ని కాపాడుకోవడానికి మనిషి పేరు దాచారు గానీ మనిషి బుర్ర దాచలేదు. నూట పదేళ్ళ కిందట ఒక బీరు కంపెనీకున్న ఇంగితం ఇవాళ మన హైటెక్ సిటీలో ఎన్ని కంపెనీలకుంది?

కొయిచి తనాకా అని జపాన్‌లో షిమాద్జు కంపెనీ ఇంజనీరు. చదివింది మనలాగే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ బ్యాచిలర్ డిగ్రీ. పీహెచ్‌డీ లేదు. 1985లో ప్రయోగానికి కలపాల్సిన ద్రావకం బదులు పొరపాటున గ్లిసరిన్ కలిపాడు. పారేయడానికి మనసొప్పక దాన్నే వాడి చూశాడు. ప్రోటీన్ల లాంటి పెద్ద అణువుల్ని ముక్కలవకుండా తూచే దారి దొరికింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. 2002లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చేనాటికి కూడా అదే కంపెనీలో ఉద్యోగి. ఆ గ్లిసరిన్ కలిపిన రోజున ఆయన మేనేజర్ "ఖాళీగా ఉన్నావా, ఇంకో మాడ్యూల్ ఇస్తాను" అనుంటే?

మనవాళ్ళలో అంటారా, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కన్నా ఎవరు కావాలి? హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి గొప్ప పని చేసినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకి స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. ఫైలేరియాకి వాడే డైఈథైల్ కార్బమజైన్ వచ్చింది ఆ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధన నుంచే. ఇవాళ్టికీ బోదకాలు రాకుండా మన ఊళ్ళలో పంచే డీఈసీ మాత్రలు అవే. యూనివర్సిటీ కాదన్న మనిషికి పరిశ్రమ చోటిచ్చింది. పరిశోధన అంటే యూనివర్సిటీ గోడల మధ్యే ఉంటుందనేవాళ్ళు ఆ మాత్ర వేసుకునేటప్పుడు ఒకసారి ఆలోచించాలి.

ఇక్కడ హెచ్‌ఆర్ వాళ్ళ తరఫున నేనే ఒక ప్రశ్న వేసుకుంటాను. ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ పేపరు ప్రచురించాడు. మనం రోజూ రాసే ఎస్‌క్యూఎల్‌కి మూలం అదే. చివరికేమైంది? ఐబీఎం నాన్చుతుంటే ఒరాకిల్ వాళ్ళు 1979లోనే సరుకు మార్కెట్లో పెట్టేశారు. ఐబీఎం సొంత ఎస్‌క్యూఎల్ సరుకు 1981లో గానీ రాలేదు. "చూశారా, పేపర్లు వేయనిస్తే ఇలాగే అవుతుంది" అంటారు. నేనేమంటానంటే, ఐబీఎం నష్టపోయింది కాడ్ పేపరు ప్రచురించినందుకు కాదు, ఆ పేపరుని బయటివాళ్ళు పట్టించుకున్నంత త్వరగా తను పట్టించుకోనందుకు. తాళం వేసుంటే ఆ ఆలోచన ఐబీఎం బీరువాలో పడుండేది, మనకి ఎస్‌క్యూఎల్లూ ఉండేది కాదేమో.

ఇంకో సంగతి. కొన్ని సమస్యలు ఉద్యోగం చేసేవాడికే కనపడతాయి. బైనరీ సెర్చ్ మనందరం కాలేజీలో కంఠతా పట్టిందే. తక్కువ, ఎక్కువ కలిపి రెండుతో భాగించడం. 2006లో గూగుల్‌లో పనిచేస్తున్న జాషువా బ్లాక్, జావా లైబ్రరీలోనే ఆ ఒక్క లైనులో తప్పుందని బయటపెట్టాడు. ఎరేలో వంద కోట్ల పైచిలుకు అంశాలుంటే ఆ కూడిక పూర్ణాంకం హద్దు దాటిపోయి రుణసంఖ్య అయిపోతుంది. తొమ్మిదేళ్ళ పాటు ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే అంత పెద్ద ఎరేలు క్లాసురూములో ఉండవు. అలాగే వెంకటేశ్వర్లు, వెంకటలక్ష్మి ఒకటైపోవడం కూడా అమెరికా పేర్ల పట్టికతో పనిచేసేవాడికి ఏ జన్మలోనూ కనపడదు. మన దగ్గరున్న సమస్యల్ని మనం అడక్కపోతే ఎవరడుగుతారు?

ఇక రెండో అనుమతి, యూనివర్సిటీలది. అక్కడ కూడా అంతా పూలబాటేం కాదు. "ఇండస్ట్రీ వాళ్ళు పేరు ముందు డాక్టర్ తగిలించుకోడానికొస్తారయ్యా" అని ఒక ప్రొఫెసర్ గారు నా మొహం మీదే అన్నారు. కోపమొచ్చింది గానీ, ఆయన అబద్ధం చెప్పాడని అనలేను. డబ్బు కడితే వారంలో పేపరేస్తామనే జర్నళ్ళలో వేసుకుని, అప్రైజల్‌లో చూపించుకునేవాళ్ళు మనలో లేరా? అలాంటివాళ్ళ వల్ల నిజంగా చేద్దామనుకునేవాడి ముందు కూడా తలుపు సగమే తెరుచుకుంటుంది.

పుస్తకాల గది తలుపు అయితే పూర్తిగా మూసేశారు. "ఒకే దేశం ఒకే చందా" పథకం గురించి వినే ఉంటారు. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 పెద్ద ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్ళు. మంచి పథకమే, మనస్ఫూర్తిగా సంతోషం. కానీ అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకీ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకీ. ప్రైవేటు ఉద్యోగి అందులో లేడు. పన్ను మాత్రం జీతం చేతికి రాకముందే కోసుకుంటారు! మన రంగంలో ఆర్‌కైవ్, ఏసీఎల్ ఆంథాలజీ లాంటివి ఉచితంగా ఉండబట్టి నాలాంటివాడు బతికిపోయాడు. అదే ఏ ఫార్మా కంపెనీలోనో ఉన్న మిత్రుణ్ణి అడగండి, పేపరు చదవాలంటే ఎవర్ని బతిమాలుకోవాలో చెప్తాడు. దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020-21 లెక్కల్లో జీడీపీలో 0.64 శాతం. కొరియాలో అది నాలుగు శాతం దాటి ఉంది. ప్రైవేటు రంగం పరిశోధన మీద ఖర్చు పెట్టడం లేదని సభల్లో బాధపడేవాళ్ళు, పైసా అడక్కుండా చేస్తానన్నవాడికి చదువుకునే దారైనా ఇవ్వొచ్చు కదా.

మూడోది మన గురించి. ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. పైన చెప్పినవన్నీ కంపెనీ మీద, ప్రభుత్వం మీద నెట్టేశాను. మరి నేను చేరిన మొదటి నాలుగేళ్ళూ ఏం చేశాను? ఎవరూ వద్దనలేదు, నేనే అడగలేదు. డిగ్రీ అయిపోయింది, చదువు అయిపోయింది, ఇక సంపాదన అనుకున్నాను. మనిళ్ళల్లో ఇంజనీరింగ్ సీటంటే ఉద్యోగానికి టిక్కెట్టు. టిక్కెట్టు చూపించి రైలెక్కాక ఇంకా టిక్కెట్టు పట్టుకుని కూర్చునేవాణ్ణి పిచ్చోడంటారు. మన ప్రశ్నలన్నీ ఎక్కడో అమెరికా కంపెనీ పేపర్లలో సమాధానం దొరికేదాకా ఆగి, దొరికాక దాన్ని అమలు చేయడాన్నే పని అనుకుంటున్నాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కూడా సిడ్నీలో ఐబీఎంలో మూడేళ్ళు ఉద్యోగం చేశాకే స్టాన్‌ఫోర్డ్‌కి వెళ్ళి పీహెచ్‌డీ చేశారు, 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నారు. ఆయన గురించి గర్వంగా చెప్పుకుంటాం. పక్క సీట్లోవాడు చదువుకుంటానంటే మాత్రం "ఏంట్రా పైత్యం" అంటాం.

"అంతగా ఉంటే మానేసి చేరొచ్చుగా?" ఈ ప్రశ్న కూడా వచ్చింది. చేరొచ్చు. జేఆర్‌ఎఫ్ తెచ్చుకోగలిగితే నెలకి 37,000 ఇస్తారు. మా ఇంటి లోను, చెల్లి ఫీజు కలిపితే అంతకన్నా ఎక్కువ. ఇంట్లో మొదటి జీతగాడు మానేయడమంటే ఒక్కడి నిర్ణయం కాదని మీలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. ఉన్నవాళ్ళ పిల్లలే పరిశోధన చెయ్యాలనుకుంటే ఆ ముక్క పైకి చెప్పండి, గొడవ వదిలిపోతుంది.

ఇదంతా మా టీంలో ఒకావిడకి చెప్తే, ఆవిడ మొత్తం విని నవ్వింది. "తీరిక అబద్ధమని నువ్వు చెప్పొచ్చు తమ్ముడూ. రాత్రి పదింటికి నువ్వు ల్యాప్‌టాప్ తెరుస్తావు, నేను మిక్సీ తెరుస్తాను, పొద్దున ఇడ్లీకి పిండి కావాలిగా" అంది. ఆవిడ ఎంటెక్‌లో గోల్డ్ మెడలిస్టు. నా దగ్గర జవాబు లేదు. కాబట్టి పైన పెట్టిన శీర్షికని కొంచెం సరిదిద్దుకుంటున్నాను. రాత్రిళ్ళు చేతిలో ఉన్న నాలాంటి బ్రహ్మచారికి అది అబద్ధం. ఆవిడకి నిజం. సరిగ్గా అందుకే అనుమతి అనేది కాగితం మీద సంతకంతో ఆగకూడదు. వారానికి నాలుగ్గంటలు ఆఫీసు టైంలో ఇవ్వాలి. నలభై గంటల్లో పదో వంతు. టౌన్‌హాళ్ళు, టీం బిల్డింగులు, ఎవడూ చూడని స్టేటస్ రిపోర్టులు కలిపితే అంతకన్నా ఎక్కువే పోతోంది. రాత్రిళ్ళ మీద ఆధారపడితే పరిశోధన మగవాళ్ళ హాబీగా మిగిలిపోతుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మీరేం చెయ్యొచ్చు?

మొదటిది, మీ అగ్రిమెంటు తీసి చదవండి. ఈ రాత్రే. కొత్తగా చేరేవాళ్ళైతే ఆ పట్టికలో నాలాగా "వర్తించదు" అని రాసెయ్యకండి. కాలేజీ ప్రాజెక్టైనా సరే, చేసింది చేసినట్టు రాయండి.

రెండోది, అడగండి. ఫోన్లో కాదు, రాతపూర్వకంగా. కాదంటే కారణం కూడా రాతపూర్వకంగా అడగండి. "డొమైన్‌కి సంబంధించింది కాబట్టి వద్దు, సంబంధించింది కాకపోతే వద్దు" అనే ముక్క నోటితో అనడం తేలిక, మెయిల్లో రాయాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. పదిమంది అడిగితే అది పాలసీ అవుతుంది. ఒక్కడు అడిగితే "ఖాళీగా ఉన్నవాడు" అవుతాడు.

మూడోది, ఇప్పటికే లీడ్లూ మేనేజర్లూ అయినవాళ్ళకి. మీ టీంలో ఎవరైనా ఇలాంటి కోరికతో వస్తే ఇంకో మాడ్యూల్ ఇవ్వకండి. కస్టమర్ డేటా బయటికి పోకుండా షరతులు పెట్టండి, ప్రచురించేముందు మాకు చూపించమనండి, అవసరమైతే గిన్నెస్ వాళ్ళలా మారుపేరు పెట్టుకోమనండి. అన్నిటికీ ఒప్పుకుంటాం. వద్దని మాత్రం అనకండి.

నేను వచ్చే విడతలో మళ్ళీ అప్లై చేస్తున్నాను. ఈసారి ఎన్‌ఓసీ దరఖాస్తుతో పాటు ఒక పేజీ జతచేస్తున్నాను. ఏ డేటా వాడానో, ఏది వాడలేదో, ఏ ఫలితం మీద కంపెనీకి ఏ హక్కు ఉండొచ్చో నా అంతట నేనే రాసిస్తున్నాను. మళ్ళీ కాదంటే ఏం చేస్తానో ఇంకా తేల్చుకోలేదు, అబద్ధం ఎందుకు చెప్పడం. ఈలోపు రాత్రిళ్ళు ఎలాగూ ఉన్నాయి.

అన్నట్టు, మా నాన్న నిన్న ఫోన్ చేశాడు. పాన్ కార్డులో స్పెల్లింగు మార్చారట. ఇప్పుడది బ్యాంకు పాసుపుస్తకంతో కలవట్లేదట. "నువ్వు కంప్యూటర్ల పనేగా చేసేది, దీనికేం చెయ్యలేవా?" అనడిగాడు.

చెయ్యగలను నాన్నా. ఎన్‌ఓసీ ఇస్తే.